పొద్దున కోసిన ఆకు

"ఈ కోటలో పొయ్యి వెలిగినంత కాలం మీ పళ్లెం ఎండదు. పొద్దున కోసిన ఆకు, తోటలో కాసిన కాయ, ఏరి నానబెట్టిన గింజ ముందు మీకు పెడతాం. ఆ తరువాతే మేం ముద్ద ఎత్తుతాం."

అనగనగా ఒక రాజు అన్న మాట ఇది. చాటుగా అన్నది కాదు పిల్లలూ. బురుజు మీద నిలబడి, డప్పు కొట్టించి, ఊరంతా వింటుండగా అన్నాడు. ఎలుకలతో అన్నాడు.

ఆ రాజు పేరు వీరమల్లుడు. ఆయన కోట రేగడికోట. అక్కడ రాణివాసంలో ఎలుకల్ని పెంచుకునేవారు. తెల్లవి, బూడిద రంగువి, మచ్చలవి. భుజాలెక్కేవి, ఒళ్లో పడుకునేవి, మాట్లాడేవి. ఒక ఏడు శత్రువులు కోటను చుట్టుముట్టారు. బాణాలు అయిపోయాయి, బియ్యం అయిపోయాయి, సైనికుల ధైర్యం కూడా అయిపోయింది. అప్పుడు ఎలుకలు నీటి తూములోంచి బయటికి వెళ్లాయి. వింటినారులు కొరికేశాయి. గుడారాల తాళ్లు కొరికేశాయి. గుర్రాల జీను పట్టీలు కొరికేశాయి. తెల్లారి శత్రువు విల్లు ఎత్తితే నారి లేదు, గుర్రం ఎక్కితే జీను లేదు. దండు పారిపోయింది. వెళ్లిన ఎలుకల్లో సగం తిరిగి రాలేదు. ఆ రోజు విజయదశమి. ఆ రోజే రాజు ఆ మాట ఇచ్చాడు.

ఒక పంటకాలం మాట నిలబడింది. తరువాత మొదట ఆకు పోయింది. ఆ తరువాత కాయ పోయింది. ఆఖరికి గింజ పోయింది. వాటి చోట విందుల్లో మిగిలిన వేపుళ్లు వచ్చాయి, నెయ్యి కారే మిఠాయిలు వచ్చాయి, బూజు పట్టిన అన్నం వచ్చింది. ఎలుకలు ఉబ్బిపోయాయి. వాటి చంకల కింద గడ్డలు లేచాయి, బొచ్చు రాలింది, పొద్దస్తమానం మూలన ముడుచుకుని దగ్గేవి.

"రాజుగారు తినే మిఠాయే పెడుతున్నాం. ఇంకేం కావాలట ఎలుకలకి?" అనేవాడు మంత్రి. సభంతా నవ్వేది. రాజు కూడా నవ్వేవాడు. గెలిచేదాకా అన్నదమ్ములు, గెలిచాక ఎలుకలు. రాజ్యాలన్నీ ఇలాగే నడుస్తాయి పిల్లలూ, గుర్తుపెట్టుకోండి.

రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి గుర్రాలంటే ఇష్టం. నడిమివాడికి నగలంటే ఇష్టం. చిన్నవాడు కేదారుడికి పుస్తకాలంటే ఇష్టం, ఎలుకలంటే ఇష్టం. తానే తోటలోకి వెళ్లి తోటకూర కోసేవాడు, దోసకాయ చెక్కు తీసేవాడు, చిలగడదుంప ఉడికించేవాడు, పెసలు నానబెట్టి మొలకెత్తించేవాడు. అయినా అతని రెండు చేతుల్లో పట్టిన తిండి కొన్నిటికే సరిపోయేది. అతని భుజం మీద ఎప్పుడూ ఉండే ఎలుక పేరు గవ్వ. గవ్వ రంగులోనే ఉండేది. దాని తల్లి గడ్డతో చచ్చిపోయింది. దాని తాత వింటినారి కొరుకుతూ శత్రువు కాలి కింద చచ్చిపోయింది.

"మనం అడిగేది భిక్ష కాదు గవ్వా, హక్కు. పోరిన వాళ్లదే పంట" అనేవాడు కేదారుడు.

"ఏ పుస్తకంలోది బాబూ ఇది? బాగుంది. దీన్ని దోసకాయతో కలిపి పెట్టు, అరుగుతుంది" అనేది గవ్వ.

ఇలా ఉండగా ఒక రోజు గాలి ఆగిపోయింది. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు నోరు తెరిచి, రేగడికోట రాజ్యంలోని పచ్చదనాన్నంతా ఒక్క పీల్పుతో పీల్చేశాడు. చెట్టు మీది ఆకు బూడిదైంది. పొలంలోని పైరు బూడిదైంది. పాకే తీగ, పాదులోని మొక్క, అన్నీ బూడిదే. పిల్లలు బూడిదలో ఆడుకుని బూడిద రంగు ముఖాలతో ఇళ్లకి వచ్చేవారు. రాజు గాదెలకి తాళాలు పడ్డాయి. ఎలుకలకి పెట్టే బూజు అన్నం కూడా ఆగిపోయింది.

పెద్ద కొడుకు సైన్యంతో వెళ్లాడు. మొదటి సముద్రం చూసి గుర్రాలు బెదిరితే తిరిగొచ్చాడు. నడిమి కొడుకు మాంత్రికుణ్ణి కొనేద్దామని ఓడ నిండా బంగారంతో వెళ్లాడు. రెండో సముద్రంలో బరువుకి ఓడ మునిగితే, తెప్ప పట్టుకుని తిరిగొచ్చాడు. అప్పుడు కేదారుడు లేచాడు.

"నేను వెళ్తాను నాన్నగారూ. పచ్చదనం తిరిగొస్తే మొదటి బుట్ట ఎలుకలది కావాలి. పాత మాటే, కొత్తదేం కాదు."

"మొదటి బుట్ట వాళ్లదే నాయనా. నా మాట" అన్నాడు రాజు. ఇది రెండోసారి.

దారిలోకి తిండి ఏది? ఆకు లేదు, కాయ లేదు. గవ్వ ఆలోచించింది. "పచ్చదనాన్నే కదా వాడు పీల్చింది. కుండలో పెట్టిన మొలక తెల్లగా ఉంటుంది, పచ్చబడదు. వాడి పీల్పు దానికంటదు" అంది. కేదారుడు తన దగ్గర మిగిలిన పెసలు మట్టికుండలో పోసి, తడిగుడ్డ కప్పి, కుండని చంకన పెట్టుకుని బయలుదేరాడు. సముద్రం నీళ్లు ఉప్పు. గుడ్డ ఆరిపోతే మొలక చస్తుంది. అందుకని తాను తాగే నీళ్లలో సగం రోజూ గుడ్డ మీద పోశాడు. పెదాలు పగిలాయి. మొలకలు బతికాయి.

ఒడ్డున ఒక తాబేలు కనిపించింది. "నోట్లోకి తాజాది ఏదైనా పోయి ఎన్నాళ్లయిందో నాయనా" అంది. ఒక గుప్పెడు పెట్టాడు. తాబేలు అతన్ని వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలు దాటించింది.

అవతలి దీవిలో ఒక గోరువంక కనిపించింది. దానికీ ఒక గుప్పెడు పెట్టాడు. తిన్నాక అది రహస్యం చెప్పింది. "కరాళుడి ప్రాణం వాడిలో లేదు. నల్ల మేడలో, ఇనప పంజరంలో ఒక తెల్ల ఎలుక ఉంది. దానిలో ఉంది. వాడు తన ఎంగిలి మాంసం, తన ఎంగిలి నెయ్యి తన చేత్తో తినిపిస్తాడు. ఎలుకలు ఏ చేతి తిండి తింటే ఆ చేతి ప్రాణాన్ని మోస్తాయి."

నల్ల మేడ వాకిట్లో ఒక కోతి కాపలా ఉంది. ఆకలికి పొట్ట వీపుకి అంటుకుపోయింది. దానికీ ఒక గుప్పెడు పెట్టాడు. కోతి గడియ తీసి, తల పక్కకి తిప్పుకుంది. కుండలో ఇక ఒక్క గుప్పెడే మిగిలింది.

పంజరంలో తెల్ల ఎలుక కాళ్లు చాపి పడుకుని ఉంది. లేవలేనంత లావు. బొచ్చు జిడ్డుగా పసుపెక్కింది. ఊపిరి తీస్తుంటే గరగర చప్పుడు. కేదారుడు కత్తి మీద చెయ్యి వేశాడు. తెల్ల ఎలుక కళ్లు మూసుకుంది. అంతే, పారిపోయే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"పొడువు" అని వెనక నుంచి వినిపించింది. గుమ్మంలో కరాళుడు నిలబడి ఉన్నాడు. "ఒక్క పోటు చాలు, నేనూ పోతాను. ఎలుకల హక్కులంటూ గొంతు చించుకునేవాడివట కదా. పొడువు మరి. నువ్వు పొడవలేవు. అదే నా కోట."

కేదారుడు కత్తి కింద పెట్టేశాడు. కుండలోంచి నాలుగు మొలకలు తీసి పంజరంలో పెట్టాడు. తెల్ల ఎలుక వాసన చూసి వెనక్కి జరిగింది.

"కొత్త తిండి నేను ముట్టను. లోపలికి పోయింది కక్కే దారి మా జాతికి లేదు. విషమైతే చావడమే" అంది.

"విన్నావా?" అని కరాళుడు నవ్వాడు. "నా ఎంగిలి తప్ప దానికి ఇంకో తిండి తెలియదు. దానికి తెలియనివ్వలేదు."

అప్పుడు గవ్వ భుజం మీద నుంచి దిగింది. కుండలోంచి ఒక మొలక తీసుకుని, రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా నమిలింది. తరువాత పంజరం ఊచల దగ్గరికి వెళ్లి మూతి పెట్టింది.

"చూడక్కా" అంది.

ఎలుకల మధ్య ఒక పద్ధతి ఉంది పిల్లలూ. కొత్త తిండిని ఎవరు మెచ్చుకున్నా నమ్మవు. ఎవరు ఆజ్ఞాపించినా తినవు. తిన్న తోటి ఎలుక మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తాయి. తిన్నది బతికి ఉంది, దాని ఊపిరి బాగుంది అనుకుంటేనే తింటాయి. వాటికి సాక్ష్యం అంటే అదొక్కటే.

తెల్ల ఎలుక ముక్కు చాపింది. చాలాసేపు వాసన చూసింది. తరువాత ఒక్క మొలక చివర కొరికి, ఆగిపోయింది. కరాళుడి నవ్వు కూడా ఆగింది.

"తల్లీ, ఇదిగో నెయ్యి, ఇదిగో మాంసం, ఇలా రా" అన్నాడు.

తెల్ల ఎలుక కదల్లేదు. కడుపులో ఏమవుతుందోనని చూసుకుంటోంది. ఆఖరికి అది రెండో మొలక తీసుకుంది, కేదారుడి వేళ్ల మధ్య నుంచి. మూడోది కూడా తీసుకుంది. కరాళుడి గొంతు సన్నబడింది. చేతులు బూడిదయ్యాయి, గడ్డం బూడిదైంది, గుమ్మంలో బూడిద కుప్ప మిగిలింది. ఆ కుప్పలోంచి పచ్చటి గాలి ఒకటి లేచి సముద్రాల మీదుగా వెళ్లిపోయింది. తెల్ల ఎలుక పంజరంలోంచి బయటికి వచ్చి, నడవడం ఎలాగో గుర్తు తెచ్చుకుంటూ నడిచింది.

కథ ఇక్కడ అయిపోవాలి. పెళ్లి జరగాలి, అందరూ చల్లగా ఉండాలి.

కేదారుడు తిరిగొచ్చేసరికి రాజ్యమంతా పచ్చగా ఉంది. వీధులకి తోరణాలు కట్టారు. రాజు ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు. "పొరుగు రాకుమారితో నీకు పెళ్లి నాయనా. పట్టాభిషేకం కూడా. నాలుగు రాజ్యాలకి విందు" అన్నాడు.

"మొదటి బుట్ట ఏది నాన్నగారూ?"

రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి నేల వైపు చూశాడు. మొదటి బుట్ట పెళ్లి వంటలకి వెళ్లింది. రెండోది ఏనుగులకి, మూడోది చుట్టాల విడిదికి. ఎలుకల పళ్లెంలో కూరగాయల తొక్కులు, మూడు రోజుల కిందటి బూరెలు ఉన్నాయి.

"పెళ్లి కానీ నాయనా. అయిన మర్నాడే పెడదాం. నా మాట" అన్నాడు రాజు. ఇది మూడోసారి.

"ఎలుక బతికేదే రెండు మూడు వానాకాలాలు. మీ మర్నాడు వచ్చేలోగా వాటికి ముసలితనం వచ్చేస్తుంది" అన్నాడు కేదారుడు. రాజు అప్పటికే వంటవాళ్లతో మాట్లాడుతున్నాడు.

కేదారుడు ఎలుకల గదిలోకి వెళ్లాడు. అతను వెళ్లేటప్పుడు ఉన్నవాటిలో చాలా ఇప్పుడు లేవు. ఉన్నవి తల ఎత్తి చూశాయి. అతను తోటకి పరుగెత్తి గుప్పెడు కొత్తిమీర కోసుకొచ్చి గవ్వ ముందు పెట్టాడు. గవ్వకి చంక కింద చిన్న గడ్డ లేచింది. అది ఏడో సముద్రం దాటేటప్పుడే చేతికి తగిలింది. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోలేదు.

"తిను గవ్వా."

"తినను బాబూ. ఇది తింటే నా మూతికి వాసన వస్తుంది. వాళ్లంతా వచ్చి నా మూతి దగ్గర ముక్కు పెడతారు. మంచి తిండి ఉంది, తినండి అని నా ఊపిరి చెబుతుంది. పళ్లెంలో చూస్తే తొక్కులు ఉంటాయి. నా ఊపిరితో వాళ్లకి అబద్ధం చెప్పలేను. అది మీ ఇంట్లో పద్ధతి."

"నీకు బాగోలేదు. నీ ఒక్కదానికైనా..."

"నువ్వే కదా రోజూ అంటావు, ఒక్కడి కడుపు నిండితే న్యాయం నిండినట్టు కాదని. ఏ పుస్తకంలోదో గాని, అది మాత్రం నాకు అరిగింది."

కేదారుడు దాన్ని ఎత్తి భుజం మీద పెట్టుకున్నాడు. తేలికగా ఉంది, ఎండిన ఆకంత తేలికగా. తెల్ల ఎలుక వెనకే నడిచింది. మిగిలిన ఎలుకలు దాని వెనక నడిచాయి. పళ్లెం మాత్రం ముట్టకుండా వదిలేశాయి. అతను బురుజు ఎక్కి, గోడకి వేలాడుతున్న పాత డప్పు దించి కొట్టాడు. పందిట్లో సన్నాయి ఆగింది. వంటవాళ్లు, చుట్టాలు, రాజు, మంత్రి అందరూ తలలెత్తారు.

"నాన్నగారూ. ఈ బురుజు మీదే మాట ఇచ్చారు, ఈ డప్పుతోనే చాటారు. అందుకే ఇక్కడి నుంచే అడుగుతున్నాను. ఎలుకలు ఏ చేతి తిండి తింటే ఆ చేతి ప్రాణాన్ని మోస్తాయట. ఇన్నాళ్లూ ఈ కోటని మోసింది ఇవే. ఈ పూట నుంచి మీ చేతి తిండి ఇవి తినవు. నేనూ తినను. పెళ్లి పీటల మీద కూర్చోను, కిరీటం ముట్టను. మీ కోటకి ఇప్పుడు కావలి లేదు.

"మొదటి మాట గాలిలో పోయింది. రెండో మాట వంటింట్లో పోయింది. మూడో మాట నాకొద్దు. పొద్దున కోసిన ఆకు, తోటలో కాసిన కాయ, ఏరి నానబెట్టిన గింజ. పెడతారో, పెట్టరో. ఆ ఒక్క జవాబూ కావాలి. మీరు ఏటా విజయోత్సవం చేసుకునే రోజునే కావాలి. ఆ రోజు ఎంతో దూరం లేదు."

గవ్వ అతని మెడ దగ్గర ముడుచుకుంది. దాని ఊపిరి చెవికి వినిపిస్తోంది, ఆగి ఆగి. దానికి ఏ తిండి వాసనా లేదు.

"వచ్చే ఆశ్వయుజ శుద్ధ దశమి, పొద్దు పొడిచే వేళకి" అన్నాడు కేదారుడు.