పంది పొట్టలో జొన్నలు

అడవిపంది ఎవరి సొత్తు? జవాబు మనసులో పెట్టుకుని వినండి.

పోసవ్వ జొన్నచేను మీద రోజూ ఒక పంది పడేది. చివరికి ఆమె ఉచ్చు పెట్టి దాన్ని పట్టింది. వెంట్రుకలు కాల్చి, పసుపు పూసి, పొట్ట కోయబోతోంది. చుట్టూ మూగిన ఊరి జనం పందికూరలో చింతచిగురు వేయాలా, గోంగూర వేయాలా అని తగువు పడుతున్నారు. అంతలో గడి దొర గుర్రం దిగాడు.

"అడవి నాది. అందులోని పందీ నాదే. గడికి మోయించు."

"అట్లనే దొరా. తమరి మేకలను మేము మేపితే మందలో మాకెంత వాటా?"

"సగం. తాతలనాటి కట్టు. దానికీ దీనికీ ఏం సంబంధం?"

పోసవ్వ పంది పొట్టలో కత్తి దించి చీల్చింది. పొట్టనిండా నమిలిన జొన్నలే. "ఇందులో అడవిదుంప ఒక్కటన్నా ఉందా దొరా? తమరి పందిని మేపింది నా చేను. సగం నాది."

వెనకనుంచి ఒక ముసలాయన అందుకున్నాడు. "మా చేలూ తమరి పందులనే మేపుతున్నయి. మా సగం ఎప్పుడిప్పిస్తరు?"

జనమంతా దొరవైపు తిరిగారు. దొర అడవివైపు చూశాడు.

"అడవిపందికి యజమాని ఎవడు? అది ఎవరిదీ కాదు."

"అయితే పట్టింది నేను, మొత్తం నాదే," అంది పోసవ్వ.

దొర గుర్రమెక్కి, కాస్త ఆగాడు. "ఇంతకీ చింతచిగురా, గోంగూరా?"

మీ చేను మేసినదాన్ని ఎవరైనా తమదంటే వాదించకండి. ముందు అందరి ఎదుటా దాని పొట్ట కోసి చూపించండి.