ఇసుక మీద మంటపం

“ఇంతేసి రాళ్ళను ఇసుక మీద నిలబెడుతున్నాం. రేపు భూమి కదిలితే ఏం గతి, గురువుగారూ?” అని పోలోజు అడిగాడు. రాతి గుళ్ళు కట్టే కాలంలో శిల్పులకు పెద్దదిక్కైన కాచోజు, అడగ్గానే జవాబిచ్చే మనిషి కాడు. ముందు మంటపం పూర్తి కానిమ్మని ఉలి అందుకున్నాడు.

పునాది గోతిని ఆయన రాళ్ళతో నింపించలేదు. బెల్లం నీళ్ళూ కరక్కాయ పొడీ కలిపిన ఇసుక పోయించి, దిమ్మిస కొట్టించి, దాని మీదే స్తంభాలు ఎత్తించాడు. దూలాల సందుల్లో సున్నం పెట్టనివ్వలేదు, ఇనుప చీలలతో సరిపెట్టాడు. పోలోజుకు మనసొప్పలేదు. తన చేతికి అప్పగించిన ప్రహరీగోడను బండ మీద, వెంట్రుక దూరే సందు లేకుండా సున్నం దట్టించి కట్టాడు. గురువు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

కట్టినవాళ్ళు ఇంటిల్లిపాదితో కొత్త కప్పు కింద తొలి ముద్ద తినాలని వాళ్ళలో ఆచారం. అనుమానం పెనుభూతం అంటారు. మంటపం పూర్తయి ఆ ముద్ద తినే రోజున పోలోజు దాని మెట్టెక్కలేదు సరికదా, చంటివాణ్ణి తీసుకుని లోపలికి వెళ్ళవద్దని భార్య సింగమ్మను బతిమాలాడు. ఆవిడ వినలేదు. “కట్టినవాడివి నువ్వే జంకితే, మొక్కేవాళ్ళు ఎట్లా వస్తారయ్యా?” అని వెళ్ళి విస్తరి ముందు కూర్చుంది.

వడ్డన సగంలో ఉండగా నేల అడుగున ఉరుము లాంటి మోత పుట్టింది. భూమి ఊగింది. సింగమ్మ లేవబోయి, లేవలేక, నిద్రపోతున్న బిడ్డను ఒడిలోకి అదుముకుంది. పోలోజు లోపలికి పరుగెత్తి ఆమె పక్కనున్న స్తంభాన్ని రెండు చేతులా కావలించుకున్నాడు, తాను ఆపితే ఆగుతుందన్నట్టు. అంత స్తంభమూ అతని చేతుల్లో కదులుతోంది.

“వదిలెయ్ నాయనా, దాన్ని కదలనీ” అన్నాడు కాచోజు, విస్తరి ముందు నుంచి లేవకుండానే.

దూలాలు ఒకదానినొకటి ఒరుసుకుని మూలిగాయి. నిలబడ్డ ఏనుగు ఒక కాలి మీది బరువు మరో కాలికి మార్చుకున్నట్టు మంటపమంతా ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ తన చోటికే వచ్చి నిలిచింది. ఒక్క రాయి రాలలేదు. బయట ప్రహరీగోడ మాత్రం నిలువునా చీలి కూలిపోయింది. పోలోజుకు ఒళ్ళు గగుర్పొడిచింది. అంత అద్భుతాన్ని తాను కళ్ళారా చూశానంటే నమ్మలేక, తన కౌగిలికి ఇంకా వెచ్చగా ఉన్న ఆ స్తంభానికి చేతులు జోడించాడు. ఇసుక ఇంత అదురును ఎట్లా ఓర్చుకుందని గురువును అడిగాడు.

కాచోజు సింగమ్మ ఒడివైపు చూపించాడు.

“నేల ఊగింది, దాంతో పాటే తల్లి ఒడీ ఊగింది. వీడికి నిద్ర చెడలేదు.”