చెయ్యి దాచిన పిల్ల

గవర్రాజు మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు దొరకదు, పని దొరుకుతుంది. ఈ సంగతి గెడ్డవలసలో అందరికీ తెలుసు కనుక ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు. అడిగేది ఆయన దగ్గర ఫోటోలు తీయడం నేర్చుకునే ఇద్దరు శిష్యులే. ఒకరు ఊళ్ళో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసే లక్షుంనాయుడు. రెండో ఆవిడ దమయంతి, పక్క మండలంలో బడి పంతులమ్మ, ఆదివారాలు బస్సెక్కి వస్తుంది.

ఒక శనివారం పొద్దున్నే లక్షుంనాయుడు వచ్చి, తలుపు దగ్గరగా వేసి, కిటికీలోంచి ఒకసారి వీధిలోకి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

“మాస్టారూ, ఒకరి ఫోటోని ఇంకొకరు దొంగిలించారని రుజువు చెయ్యడం ఎలాగండీ?”

“ఎవరయ్యా ఆ ఇంకొకరు?”

“పేరు చెప్పనండి. బస్సులో వస్తుంది.”

అనుమానం లక్షుంనాయుడికి ఈనాటిది కాదు. కొబ్బరికాయ కొంటే చెవి దగ్గర మూడుసార్లు ఊపి, కొట్టువాడి మొహం చూసి, నాలుగోసారి ఊపుతాడు. విందులో గారె వడ్డిస్తే తిరగేసి చూసుకుంటాడు. తన పెళ్ళికి ఫోటోలు తానే తీసుకుంటానన్నాడు; పురోహితుడు పీటల మీంచి లేవనివ్వలేదు గనుక సరిపోయింది. ఆ ఫోటోల్లో పెళ్ళికొడుకు పెళ్ళికూతురి వైపు కాక కెమెరావాడి వైపు చూస్తూ ఉంటాడు.

ఈసారి అనుమానం బొమ్మల తోటలో పుట్టింది. ఇరవై ఏళ్ళ కిందట అచ్చెన్న అనే శిల్పి, పేరుమోసిన చిత్రాల పుస్తకం ఒకటి చేతబట్టుకుని, ఊరి పక్క కొండవాలులో పదకొండు సిమెంటు బొమ్మలు చేసి, కాలం చేశాడు. చిత్రంలోని మనిషిని చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చి ఎండలో నిలబెట్టినట్టుంటాయి. ప్రతి బొమ్మకూ ఎదురుగా నేలలో ఒక నల్లరాయి పాతాడు. ఆ రాయి మీద నిలబడితే బొమ్మ అచ్చం చిత్రంలోలాగే ఉంటుంది. జానెడు పక్కకు జరిగితే సిమెంటు. చిత్రాల పేర్లు ఊరికి నోరు తిరగలేదు కనుక ఊరే పేర్లు పెట్టుకుంది. చెంపకు చెయ్యి ఆనించి ఆలోచిస్తున్న గడ్డపాయన పన్నునొప్పి తాత. గుమ్మంలో నిలబడి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకున్న పడుచు చెయ్యి దాచిన పిల్ల.

ఆ పిల్ల చేతిలో ఏముందన్నది ఊరికి తీరని సందేహం. కరణంగారింట్లో వాళ్ళు వెండిగ్లాసు అన్నారు. కోళ్ళు పెంచే సూరమ్మ, పుంజు మెడ పట్టుకుని ఉంటుందంది. ఎవరింట్లో ఏది పోతే అది ఆ పిల్ల చేతిలో ఉన్నట్టు లెక్క. వెనక్కి వెళ్ళి చూసినవాడు లేడు. బొమ్మ వెనకంతా నాగజెముడు మొలిచింది, అందులో పాముందని ప్రతీతి. పైగా వెనక్కి వెళ్తే ఇక మాట్లాడుకోవడానికి ఏముంటుంది?

జిల్లాలో ఫోటోల ప్రదర్శన పెడుతున్నారు. లక్షుంనాయుడు ఆ పిల్లని ఉదయం ఎనిమిదింటికి, తాటిచెట్టు నీడ గుమ్మం మీదికి రాకముందే ఫోటో తీశాడు. దాన్ని బస్టాండులో దమయంతికి చూపించాడు. ఆవిడ “బాగుందన్నా” అంది. వారం తిరగకుండా ఆవిడ ప్రదర్శనకు పంపిన ఫోటో చూస్తే, అదే పిల్ల, అదే మోచెయ్యి, అదే ఎండ. అప్పుడతనికి ఆ “బాగుందన్నా” గుర్తొచ్చింది. ఊరికే ఎవరైనా బాగుందంటారా? అంతకుముందు ఆవిడ పెట్టిన నువ్వుండ కూడా గుర్తొచ్చింది.

దాంతో ప్రదర్శన వాళ్ళకు ఒక అర్జీ రాశాడు. దమయంతి తన ఫోటో దొంగిలించిందని, ఆమె పేరు కొట్టెయ్యాలని, ఆమె మాట ఏ విషయంలోనూ నమ్మదగినది కాదని రాసి, సంతకం పెట్టి, జేబులో ఉంచుకున్నాడు. ఆ కాగితం పోస్టులో పడితే దమయంతికి ప్రదర్శన పోవడం ఒక్కటే కాదు. దొంగ అన్న మాట అత్తవారింటికి చేరిననాడు ఆవిడ కెమెరా బీరువాలోకి వెళ్తుంది. ఆ బీరువా తాళంచెవి అత్తగారి బొడ్డులో ఉంటుంది. ఇదంతా లక్షుంనాయుడికి తెలుసు. తెలిసే రాశాడు.

మాస్టారు అర్జీ చదివి, మడిచి, మళ్ళీ అతని జేబులోనే పెట్టారు. “రేపు ఎనిమిదింటికి తోటకి రా. కెమెరా తెచ్చుకో” అన్నారు. ముందే చెప్పాం కదా, పని దొరుకుతుంది.

మర్నాడు తోటలో ముగ్గురూ కలిశారు. దొంగతనం మాట దమయంతికి మాస్టారు అక్కడే చెప్పారు. మాస్టారు చెప్పినట్టు లక్షుంనాయుడు నల్లరాయి ఎక్కి ఒక ఫోటో తీశాడు. దిగాక దమయంతి ఎక్కి ఒకటి తీసింది. మేకలు తోలుకుపోతున్న పోలమ్మను పిలిచి, ఆమె చేతికి కెమెరా ఇచ్చి, రాయి ఎక్కించి ఒకటి తీయించారు. మూడూ ఒక్కలాగే ఉన్నాయి. పోలమ్మది కొంచెం నయంగా ఉందని కూడా అనవచ్చు.

“చూశావా అన్నా,” అంది దమయంతి. “ఆ రాయి మీద నిలబడ్డాక ఎవరు తీసినా ఇంతే. నీ దగ్గర దొంగిలించాలంటే ముందు నీ దగ్గర ఉండాలిగా!”

లక్షుంనాయుడు మూడు ఫోటోలూ తిప్పితిప్పి చూశాడు. “ఈవేళ సరే. ఆ రోజు సంగతేంటి?” అన్నాడు.

మాస్టారు బొమ్మ వైపు చూశారు. “నాయుడూ, ఆ పిల్ల చేతిలో ఏముందంటావు?”

“ఏదో దాచిందండి.”

“ఉందని ఎలా తెలుసు?”

“కనపడటం లేదు కదండీ. కనపడితే దాచడం ఎలా అవుతుంది?”

“అయితే వెనక్కి వెళ్ళి చూసిరా.”

గురువు మాట. లక్షుంనాయుడు పంచె ఎగగట్టి, కర్రతో ముళ్ళు తొలగించుకుంటూ, పామును ముందుగా అదిలించుకుంటూ నాగజెముడులోకి దూరాడు. చొక్కా రెండుచోట్ల చిరిగింది. బొమ్మ వెనక్కి చేరి చూశాడు.

చెయ్యి లేదు.

మోచెయ్యి దాటాక అచ్చెన్న సిమెంటు వెయ్యలేదు. తుప్పుపట్టిన ఇనప ఊచ ఒకటి బయటికి పొడుచుకుని ఉంది, దాని కొసన కందిరీగల పాతగూడు. వీపు లేదు, జడ లేదు. చిత్రంలో కనపడినంత మేరకే అచ్చెన్న చేశాడు, మిగిలింది వదిలేశాడు. లక్షుంనాయుడు కర్ర కింద పడేసి, నోరు తెరుచుకుని, రెండు చేతులూ వేలాడేసి అలాగే నిలబడిపోయాడు. ఫోటో తియ్యాలని తోచింది గానీ అక్కడ రాయి లేదు. ఎక్కడ నిలబడాలో తెలియక తియ్యలేదు.

వెనకాలే దమయంతి కొంగు బిగించి, అతను చేసిన దారిలోనే వచ్చింది. అటూ ఇటూ జరిగి, కింద కూర్చుని ఒక ఫోటో తీసింది. అందులో ఊచ ఉంది, కందిరీగల గూడుంది, పక్కన ఖాళీ చేతులతో లక్షుంనాయుడు ఉన్నాడు.

“ముందువైపు నువ్వే ఉంచుకో అన్నా,” అంది బయటికొచ్చాక. “ముందు పంపిన ఫోటో వెనక్కి తీసుకుని, నేనిది పంపుకుంటాను.”

అంత తేలిగ్గా ఎందుకు వదిలేసుకుందా అని లక్షుంనాయుడికి మళ్ళీ అనుమానం వచ్చింది. అర్జీ చింపలేదు, జేబులోనే ఉంచుకున్నాడు. మాస్టారు కూడా చింపమనలేదు. చేతి కర్ర ఊపుకుంటూ ఇంటికి వెళ్ళిపోయారు.

ఊళ్ళోకి వచ్చి టీకొట్టు దగ్గర లక్షుంనాయుడు ఉన్నమాట చెప్పాడు. “చేతిలో ఏమీ లేదు. అసలు చెయ్యే లేదు.”

కొట్టులో అందరూ చిరిగిన చొక్కా చూశారు. ఇంత శ్రమపడి ఎవడైనా ఏమీ లేనిదాని కోసం వెళ్తాడా? టీ తాగి పదిమంది తోటకు బయలుదేరారు. దారి ఇప్పుడు తెరిచే ఉంది. ఊచ చూశారు, తిరిగి వచ్చారు. కరణంగారి అల్లుడు ఊరందరి తరఫునా తీర్పు చెప్పాడు. “చేతిలోది రాకపోతే చెయ్యి విరగ్గొట్టి మరీ పట్టుకుపోయాడు. పొద్దున్న కర్ర కూడా తీసుకెళ్ళాడటగా!”

మూడు రోజుల్లో లక్షుంనాయుడు ఊళ్ళో తలెత్తుకుని నడవలేకపోయాడు. సూరమ్మ అతన్ని చూసి కోళ్ళ గంప మూసేసింది. ఒక పెళ్ళివారు ఫోటోలకు వేరేవాణ్ణి మాట్లాడుకున్నారు. తాను గారె తిరగేసినట్టు జనం ఇప్పుడు అతని మాటను తిరగేసి చూస్తున్నారు. ఆఖరికి మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ భార్య అడిగింది. “ఆ పిల్ల చేతిలోది గొలుసేనట కదా. ఎవత్తెకిచ్చావు?”

ఆ అన్నం వదిలేసి తిన్నగా మాస్టారింటికి వచ్చాడు. ఈసారి తలుపు వెయ్యలేదు, కిటికీలోంచి చూడలేదు.

“మాస్టారూ, నేను దొంగనటండి! ఒక్కడూ నమ్మడం లేదు. నా కళ్ళముందు పుట్టినవాళ్ళే నన్ను చూసి తలుపులు వేసుకుంటున్నారు. ఆ వేళ వెనక్కి వచ్చింది దమయంతి ఒక్కతే. నా చేతుల్లో ఏమీ లేదని ఆవిడ ఫోటోలో ఉంది. మీరు చెప్తే వింటుంది. ఒక్కసారి వచ్చి ఆ ఫోటో చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి. ఆవిడ మాట తప్ప నాకు దిక్కు లేదు.”

మాస్టారు కెమెరా అద్దం తుడుస్తూ తలెత్తారు.

“పిలిపిస్తాను. ముందు ఆ జేబులోది తీసి చదువు నాయుడూ. ఆవిడ మాట చెల్లుతుందో లేదో చూద్దాం.”