ఎర్రదీపం దగ్గర పూర్వపక్షం

విశ్వపతి శాస్త్రిగారి దగ్గర తర్కం చదువుకునేవారికి ఒక కష్టం ఉండేది. ఎవరైనా తన వాదన చెప్పబోతే ఆయన వినేవారు కారు. ముందు ఎదుటివాడి వాదన చెప్పాలి. అదీ, ఎదుటివాడే అక్కడ కూర్చుని ఉంటే, 'నా మనసులో మాట ఇదే' అని తల ఊపేటంత నిజంగా చెప్పాలి. పూర్వపక్షమంటే అదే అనేవారు. అది కుదిరేదాకా సొంత మాటకు వంతు వచ్చేది కాదు.

ఆయన అరుగు మీద సాయంకాలపు పాఠానికి వచ్చేవారిలో అప్పలస్వామి ఒకడు. పగలు ఒక ప్రైవేటు బడి బస్సు నడిపేవాడు. "తర్కం నేర్చావు కదరా, ఇక ప్లీడరు కోటు కుట్టించుకో" అని తోటి డ్రైవర్లు ఎగతాళి చేసేవారు. ఆ ఎగతాళి నిజమయ్యే రోజు వచ్చింది. ఒకనాడు పాఠం ముగిశాక కూడా అతను లేవలేదు.

"గురువుగారూ, తన తరపున తాను వాదించుకోవడం అహంకారం కాదాండి?"

సంగతి ఇది. అతని మీద రెండు అభియోగాలు మోపారు. కూడలిలో ఎర్రదీపం దాటాడన్నది ఒకటి. విధి నిర్వహణలో ఉన్న కానిస్టేబులును దూషించాడన్నది రెండవది. కోర్టు వరండాలో ఒక గుమాస్తా ఉచితంగానే సలహా ఇచ్చాడు. "రెండూ ఒప్పేసుకోవయ్యా. జరిమానా కట్టి భోజనాల వేళకు ఇంట్లో ఉంటావు. పెట్టీ కేసుకు పంతమేమిటి?" అందరూ చేసేది అదే. కాని బడి యజమాని మాట వేరుగా ఉంది. పోలీసును తిట్టినవాడి చేతికి పిల్లల్ని అప్పగించలేనని, అది కోర్టులో ఖాయమైతే బస్సు తాళాలు ఇచ్చి వెళ్ళిపొమ్మని చెప్పేశాడు. వకీలును పెట్టుకునే స్తోమత అతనికి లేదు. అందుకని తానే ఒక ప్రసంగం కూర్చుకున్నాడు. తాను అసలు నోరే విప్పలేదన్నది దాని సారాంశం.

శాస్త్రిగారు ఆ ప్రసంగం వినలేదు. అడిగిన ప్రశ్నకు జవాబూ చెప్పలేదు.

"ముందు కానిస్టేబులు మాట చెప్పు."

"ఆయన మాట నాకేటి తెలుస్తాదండి?"

"తెలియనప్పుడు దేనికి జవాబు చెబుతావు? రేపు మిట్టమధ్యాహ్నం వెళ్ళి, అతను నిలబడే చోట కాసేపు నిలబడు."

మర్నాడు అప్పలస్వామి వెళ్ళాడు. ఆ పూట కూడలిలో కానిస్టేబులు లేడు. రోడ్డు మధ్య సిమెంటు దిమ్మ పక్కన నిలబడ్డాడు. ఎండ నడినెత్తిన ఉంది. నాలుగు వైపుల నుంచీ హారన్లు. రోజూ తాను మోగించే హారను కూడా ఇలాగే వినబడుతుంది కాబోలునని మొదటిసారి అనిపించింది. ఇంతలో ఒక లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టి, "బుద్ధుందా నీకు!" అని గట్టిగా అరిచాడు. అప్పలస్వామి ఉలిక్కిపడ్డాడు. నేనేం చేశానని నన్నంటున్నాడు? ఒళ్ళు మండింది. ఒక క్షణం గడిచాక గాని లారీకి అడ్డంగా ఆగిన సైకిలు అతని కంటబడలేదు.

ఆ సాయంకాలం అరుగు మీద అతను తల వంచుకునే చెప్పాడు.

"అరిచానండి. ఆటో ఒకటి కుడి పక్క నుంచి దూరి అడ్డం పడితే, 'కళ్ళు నెత్తికెక్కాయా' అని అరిచాను. ఆయన్ని కాదండి."

"ఈ మాట నీ ప్రసంగంలో లేదే?"

"అరిచానని ఒప్పుకుంటే, ఆయన్నే అన్నానంటారని భయమేసిందండి."

శాస్త్రిగారు తాంబూలం పళ్ళెం దగ్గరకు లాక్కున్నారు.

వాయిదా నాడు, ఎర్రదీపం దాటిన మాట నిజమేనని అప్పలస్వామి ముందుగానే ఒప్పుకున్నాడు. దూషణ సంగతి మాత్రం తానే వాదించుకుంటానన్నాడు. కానిస్టేబులు తవిటినాయుడు సాక్ష్యం చెప్పాక, అడగవలసింది అడగమని మేజిస్ట్రేటుగారు అన్నారు.

"అయ్యా, ముందు మీ మాట నేను చెబుతాను. తప్పుంటే దిద్దండి," అన్నాడు అప్పలస్వామి.

వెనక బెంచీల్లో నవ్వులు వినిపించాయి. మేజిస్ట్రేటుగారు కళ్ళజోడు పైకి జరుపుకుని, "ప్రశ్న అడగండి, కథ చెప్పకండి," అన్నారు.

"చివర్న ప్రశ్నే ఉందమ్మా."

ఆవిడ కానిమ్మన్నారు.

"మీరు పొద్దుటినుంచీ ఎండలో నిలబడి ఉన్నారు. గొంతు ఎండిపోయింది. ఒక్కడూ మీ చేతివైపు చూడటం లేదు. అప్పుడు పచ్చ బస్సు కిటికీలోంచి ఒకడు తల బయట పెట్టి, మీకు ఎదురుగా, 'కళ్ళు నెత్తికెక్కాయా' అని అరిచాడు. నలుగురూ చూశారు. అరిచినవాడు ఆగకుండా ఎర్రదీపం కూడా దాటిపోయాడు. మీ మనసుకు కష్టం కలిగింది. ఔనా?"

తవిటినాయుడు అతనివైపు వింతగా చూశాడు. "ఔను బాబూ. అచ్చం అంతే."

"ఒకటే అడుగుతానండి. అప్పుడు మీకూ నాకూ మధ్య ఏముంది?"

తవిటినాయుడు కళ్ళు చిట్లించాడు. ఆ కూడలినీ ఆ ఎండనూ మళ్ళీ కళ్ళముందుకు తెచ్చుకుంటున్నట్టు కనిపించాడు.

"ఆటో," అన్నాడు చివరికి. "అడ్డంగా దూరింది. దాన్ని ఆపుదామని నేనే ఈల వేశాను."

"ఈ ఆటో సంగతి ఇందాక చెప్పలేదేం?" అన్నారు మేజిస్ట్రేటుగారు.

"నన్నే తిట్టాడనుకున్నానమ్మా. ఇదిగో, ఇప్పటిదాకా."

దూషణ అభియోగం కొట్టివేశారు. ఎర్రదీపానికి జరిమానా వేశారు. అప్పలస్వామి దాన్ని సంతోషంగానే కట్టి బయటకు వచ్చాడు. ఎదురుగా టీకొట్టు దగ్గర తవిటినాయుడు అతనికీ ఒక గ్లాసు చెప్పాడు. "మళ్ళీ దాటావంటే మాత్రం రాసేస్తాను," అన్నాడు.

"రాసేయండి బాబూ," అన్నాడు అప్పలస్వామి, టీ ఊదుకుంటూ.

ఆ సాయంకాలం బస్సు తాళాలు జేబులో గలగలలాడుతుండగా అతను అరుగెక్కి జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. చెప్పడం ముగిశాక ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"ఇంతకీ నా ప్రశ్న అలాగే ఉండిపోయిందండి. తన తరపున తాను వాదించుకోవడం అహంకారమా, కాదా?"

శాస్త్రిగారు ఆకుకు సున్నం రాస్తూ తల ఎత్తకుండానే అన్నారు: "ఇవాళ కోర్టులో ఎక్కువసేపు నువ్వు ఎవరి తరపున మాట్లాడావు, అప్పలస్వామీ?"