గంధయ్య లేపం, చెవులమ్మ ముక్కు

ఇప్పకోన అడవిలో కోతులు, దుప్పులు, ముంగిసలు, ఒక ముసలి ఏనుగు ఉండేవి. ఆ అడవిలో చైత్ర పున్నమి నాడు చెవులమ్మ అనే కుందేలుకు అన్యాయం జరిగింది. చేసినవాడు గంధయ్య అనే పునుగుపిల్లి.

గంధయ్య తన ఒంటి పునుగులో ఏవేవో కలిపి లేపం చేసేవాడు. "రాసుకుంటే పూలతోట మీ వెంటే నడుస్తుంది" అనేవాడు. బదులుగా పండ్లు తీసుకునేవాడు.

చెవులమ్మ రాసుకుంది. తెల్లారేసరికి మూతి ఎర్రబడి, ముక్కు వాచిపోయింది. కుందేలుకు ముక్కే కాపలా. నక్క పొద దాకా వచ్చినా వాసన తెలియలేదు. ఎండుటాకు చప్పుడైంది కాబట్టి పిల్లలు దక్కారు.

తిన్నగా గంధయ్య దగ్గరికి వెళ్లింది. "ఇందులో ఏం కలిపావయ్యా?"

"అది మా తాతలనాటి గుట్టు. అడవంతా రాసుకుంటోంది. నీ తోలే మంచిది కాదమ్మా."

"నా తోలు సంగతి నేను చూసుకుంటాను. నీ గుట్టు వల్ల నా పిల్లలు నక్క నోట్లో పడబోయారు."

పక్కనే ఉన్న ఎర్రన్న అనే కోతి నవ్వాడు. "నువ్వొక్కదానివి వాచావని అందరం వాసన మానుకోవాలా అత్తా?"

"మానమనలేదు అల్లుడూ, చెప్పి పూయమంటున్నా. నీ మూతి ఎప్పుడూ ఎర్రనే. దద్దురు లేచినా నీకు తెలియదులే."

చెవులమ్మ ఊరుకోలేదు. గంధయ్య పారేసిన పిప్పి ఏరుకొచ్చింది. మొగలిరేకులు, నిమ్మగడ్డి, దాల్చినచెక్క. ఒక్కొక్కటీ ముంజేతి లోపల చిటికెడు రాసి, రెండేసి రోజులు ఆగి చూసింది. దాల్చినచెక్క రాసినచోట దద్దురు లేచింది.

అందరూ నీళ్లకు చేరే చోట ఆ దద్దురు చూపి ఏనుగును అడిగింది. "తాతా, ఇసుకలో చెలమ తవ్వినవాడు ముందేం చేయాలి?"

"మొదటి గుక్క తానే తాగాలి. అది మన కట్టుబాటు."

"లేపం కలిపినవాడికి లేదా ఆ కట్టుబాటు?"

అందరూ గంధయ్య వైపు తిరిగారు. అతను ముందుకాళ్లు ఆకుల కింద దాచుకున్నాడు. ఏనుగు తొండంతో ఊదితే ఆకులు ఎగిరిపోయాయి. లేపం కలిపే ఆ పాదాలు పగిలి రసి కారుతున్నాయి.

"ఎన్నాళ్లుగా?" అంది ఏనుగు.

"పోయిన వానాకాలం నుంచి" అని గొణిగాడు.

"తెలిసే మాకు పూశావన్నమాట" అంది చెవులమ్మ. "నా తోలు మంచిది కాదన్నావే, మరి నీదో?"

ఎర్రన్న మెల్లగా వెళ్లి మూతి కడుక్కున్నాడు.

ఇకపై లేపం ఇచ్చేవాడు అందులో కలిపినవన్నీ ముందు పరిచి చూపాలి, తొలి పూత తానే పూసుకోవాలి అని ఏనుగు తీర్పు చెప్పింది. గంధయ్య దగ్గరికి మళ్లీ ఎవరూ పోలేదు. పగిలిన పాదాలతో చెట్టెక్కలేక రాలిన కాయలే ఏరుకు తిన్నాడు. "ఇది నాకు పడుతుందా?" అని అందరూ పండ్లు పట్టుకుని చెవులమ్మ దగ్గరికే వచ్చేవారు. "ముందు ముంజేతికి, తర్వాతే మూతికి" అనేది ఆమె.

ఈ కట్టుబాటు పుట్టింది వైశాఖ బహుళ ఏకాదశి నాడు.

నీతి: ఏం కలిపాడో చెప్పనివాడి లేపం ఎంత ఘుమఘుమలాడినా ఒంటికి తాకనివ్వకూడదు.