పదివేల ఒక్క గింజలు

అనగా అనగా, ఊఁ కొట్టేవాళ్ళుంటేనే చెబుతానర్రా, ఒక రాజు. ఆయనకి ముగ్గురు కొడుకులు. వాళ్ళ మేనమామ కూతురు హేమలేఖని కరాళశంఖుడనే మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. విడిపించడానికి పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. నడిపివాడు వెళ్ళాడు, రాలేదు. చివరికి చిన్నవాడు వసంతకేతుడు బయలుదేరాడు. దారిలో వాననీళ్ళలో కొట్టుకుపోతున్న చీమల దండుని ఆకుమీద ఎక్కించుకుని వెంట తీసుకెళ్ళాడు.

మాంత్రికుడి వాకిట్లో అన్నలిద్దరూ రాళ్ళై నిలబడున్నారు. చిన్నవాడు వాళ్ళని పట్టుకుని బావురుమన్నాడు.

మాంత్రికుడు పకపకా నవ్వాడు. "నా ప్రాణం ఆ పంజరంలో చిలకలో ఉందోయ్. ఇవిగో పదివేల ఒక్క గురివింద గింజలు. సమానంగా వరసలు పెట్టు. ఒక్క గింజా మిగలకూడదు. అన్నీ ఒకే వరసలో పెట్టినా, వరసకొక్కటే పెట్టినా చెల్లదు. కుదిరితే పంజరం తెరుచుకుంటుంది. తప్పినప్పుడల్లా కాళ్ళ దగ్గర్నుంచి వేలి మందాన రాయైపోతావు. నావల్ల కాదన్నావో, నిలువునా రాయే!"

"బావా, నీకు పుణ్యముంటుంది, వెళ్ళిపో" అని ఏడ్చింది పంజరం పక్కనే ఉన్న హేమలేఖ.

వెళ్ళలేదు. చీమలు వరసలు పేర్చాయి. రెండు వరసలు పెడితే ఒకటి మిగిలింది. మూడు పెడితే రెండు. నాలుగు పెడితే మళ్ళీ ఒకటి. పాదాలు రాయైపోయాయి.

"ఎందాకా ఇలా?" అన్నాడు.

"వంద వరసలదాకా చూడాలి నాయనా. ఆపైన పెట్టినా వరసలూ, వరసలోని గింజలూ తారుమారై పాత లెక్కే వస్తుంది" అంది ముసలిచీమ.

మనిషి ఎత్తే తొంభై ఆరు వేళ్ళు! వందదాకా బతికుంటేగా?

ముప్ఫై. నలభై. మోకాళ్ళు పోయాయి, నడుం పోయింది. డెబ్భై రెండు వరసలకి అరవై అయిదు గింజలు మిగిలాయి. చల్లదనం గుండెకి తగిలింది.

"మరదలా, నన్ను క్షమించు. ఇక నావల్ల..." అనబోయాడు. ముసలిచీమ గబగబా పాకి పెదవిమీద చురుక్కున కుట్టింది. "అబ్బా!" అన్నాడు. మాట ఆగిపోయింది.

ఈలోగా చీమలు డెబ్భై మూడు వరసలు పేర్చాయి. వరసకి నూట ముప్ఫై ఏడు. ఒక్కటీ మిగల్లేదు!

పంజరం తెరుచుకుంది. హేమలేఖ ఒక్క ఉరుకున చిలక మెడ విరిచింది. మాంత్రికుడు కూలిపోయాడు, రాళ్ళు మనుషులయ్యాయి.

"ఎన్ని వరసలకి విడిందిరా తమ్ముడూ?" అనడిగాడు నడిపివాడు.

"డెబ్భై మూడుకి, అన్నయ్యా."

నడిపివాడు నేలమీద కూలబడ్డాడు. "డెబ్భై రెండు దగ్గర నావల్ల కాదనేశానురా" అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ తర్వాత పెళ్ళయింది, చిన్నవాడూ హేమలేఖా చాలా కాలం చల్లగా ఏలారు. పెళ్ళిలో బూరెలు వడ్డించింది నడిపివాడే. గంగాళం ఖాళీ అయినా, అడుగున ఇంకొకటుందేమోనని చెయ్యి పెట్టి తడుముతూనే ఉన్నాడు, పిచ్చితండ్రి.