తొండం లేని ఏనుగు ముద్ద

ఒకానొక రాజ్యంలో మల్లభూపతి అనే రాజు ఉండేవాడు. రాజ్యం పేరు అడక్కండి, మరిచిపోయాను. మనిషి బంగారమే. కాకపోతే ఎవరు ఏం నేర్పినా పదిరోజులు తలకెక్కించుకునేవాడు.

ఒకసారి తర్కకేసరి సోమయాజులు అనే పండితుడు కొలువుకొచ్చి, "కంటికి కనబడనిది లేనట్టే ప్రభూ!" అన్నాడు. ఇంకేముంది, రాజుకు అదే వేదమైంది.

రాజును చిన్నప్పటినుంచి పెంచిన దాది ఓబమ్మ. చూపు మందగించిన ముసలమ్మ. రోజూ ఇంత పసుపు ముద్ద చేసి, బొట్టు పెట్టి, "గౌరమ్మ తల్లీ, నా బిడ్డను చల్లగా చూడు" అని దణ్ణం పెట్టుకునేది. రాజు ఆమెను కొలువుకు పిలిపించాడు.

"దాదీ! ఇందులో గౌరమ్మ ఎక్కడుందో చూపించు. లేదంటే ఉత్త పసుపని ఒప్పుకుని పారెయ్యి. రెండూ కాదంటావా, కోట విడిచి వెళ్ళు!"

"చూపించలేను నాయనా, పారెయ్యనూ లేను," అంటూ ఓబమ్మ ముద్దను కొంగున కట్టుకుంది. "వెళ్తాలే. పొద్దున్నే మజ్జిగ తాగడం మాత్రం మరిచిపోకు."

రాజుకు ఆమెను ఆపాలనిపించింది. కానీ పండితుడు చూస్తున్నాడాయె! నిండు కొలువులో అన్నమాట వెనక్కి తీసుకుంటే పరువేం కావాలి? రాయసం బయ్యన చేత ఆజ్ఞ రాయించాడు. ఆజ్ఞలు రాయడం, లక్క కరిగించి రాజముద్ర వేయించడం బయ్యన పని. ఆ ముద్ర లేనిదే కోట వాకిట్లో చీమను కూడా కదలనివ్వరు.

గడియ తిరక్కుండా బయ్యన ఓబమ్మను వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు.

"ఇంకా పంపలేదేం?" అన్నాడు రాజు.

"కాపలావాళ్ళు ఒప్పుకోలేదు ప్రభూ. ఆజ్ఞ మీద ముద్ర లేదట."

"మేమే స్వయంగా వేశాంగా!"

"వేశారు. దారిలో నాకో అనుమానం వచ్చింది. ఎగాదిగా చూశాను, వాసన చూశాను, కొరికి కూడా చూశాను. ఉత్త లక్క ముద్ద! రాజుగారు ఎక్కడా కనబడలేదు. కనబడనిది లేనట్టే కదా అని గీకి పారేశాను."

రాజు దిగ్గున లేచాడు. "ఎంత పొగరు! అది లక్క కాదు, మేము!"

"మీరా!" బయ్యన వేళ్ళకేసి చూసుకున్నాడు. "అయ్యయ్యో, గోళ్ళలో ఇరుక్కున్నారు. క్షమించాలి ప్రభూ!"

సోమయాజులు ఉండబట్టలేకపోయాడు. "మూర్ఖుడా! లక్కలో రాజుగారెందుకుంటారయ్యా? ఉన్నారని జనం భావిస్తారు. ఆ భావనతోనే రాజ్యం నడుస్తుంది!"

"బతికించారు స్వామీ! భావిస్తే లక్క ముద్ద రాజుగారవుతుంది. మరి పసుపు ముద్ద చేసిన పాపమేమిటి?"

అయినా రాజు పట్టు వదల్లేదు.

"ముద్రతో రాజ్యం నడుస్తుంది. ఈ పసుపుతో ఏం నడిచింది?"

"నువ్వే నడిచావు నాయనా," అంది ఓబమ్మ. "మూడేళ్ళొచ్చినా అడుగు వెయ్యకపోతే ఈ తల్లికి మొక్కాను. మొక్కి ఊరుకోలేదు, పూటపూటా కాళ్ళకు నూనె మర్దన చేశాను. దేనివల్ల నడిచావో నాకేం తెలుసు? అన్నం తిననని మారాం చేస్తే ఇది ఏనుగు ముద్ద, ఇది గుర్రం ముద్ద అని పెట్టేదాన్ని. అందులో ఏనుగుందా అని ఏనాడూ అడగలేదు నువ్వు. తొండం ఏదీ అనేవాడివి!"

కొలువంతా ఘొల్లుమంది. రాజు కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వి, ఆజ్ఞ చింపేశాడు. తన పట్టు ఉత్తరీయం తీసి బయ్యనకు కప్పి, "గోళ్ళలో ఉన్న మమ్మల్ని కాస్త భద్రంగా కడుక్కో," అన్నాడు.

"దాదీ, ఆకలేస్తోంది," అన్నాడు ఆ తర్వాత.

ఓబమ్మ పప్పన్నం కలిపి అందరికీ తలో ముద్ద పెట్టింది. సోమయాజులు తన చేతిలో ముద్దను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎవరూ వినడం లేదని నమ్మకం కుదిరాక మెల్లగా అడిగాడు.

"తొండం ఏదమ్మా?"